విరగని చక్రానికి మన్నిక లేదు

ఆ ఏడాది రాష్ట్రానికి రిమోటు కార్ల పిచ్చి పట్టుకుంది. పెద్దాయన ఒకరు ఏదో దేశం వెళ్ళి, అక్కడ మూరెడు పొడుగు కార్లు మట్టిగుట్టల మీంచి గెంతుతూ పందేలు ఆడటం చూసి వచ్చారు. చూసినవారు ఊరుకోవచ్చు గదా! "మన పిల్లలకేం తక్కువ?" అన్నారు. ఆ మాట నోటినుంచి ఊడిపడ్డ నెలరోజులకల్లా 'రిమోటు కార్ల క్రీడాభివృద్ధి మండలి' వెలిసింది. జిల్లాకో ట్రాకు, మండలానికో కారు అన్నారు. మంచినీళ్ళ కుళాయికి దిక్కులేని ఊళ్ళలో కూడా బొమ్మకారు గెంతడానికి గుట్టలు లేచాయి.

మండలి అన్నాక విభాగాలుండాలి. విభాగం అన్నాక నిబంధనలుండాలి. అలా పుట్టిందే 'మన్నిక నిర్ధారణ విభాగం'. దాన్ని తీసుకొచ్చి సామర్లకోట దగ్గర పారిశ్రామికవాడలో పెట్టారు. పెట్టడం పెట్టడం లక్కోజు భద్రాచారి షెడ్డుకి నాలుగు షెడ్ల అవతల పెట్టారు. మొదట్లో ఆయన సంతోషించాడు పాపం, ఆఫీసు దగ్గరగా ఉంటే తిరగడం తేలిక అని.

భద్రాచారి ఈ పిచ్చి పుట్టకముందు నుంచే, ఆరేళ్ళుగా, ఆ కార్లకి పినియన్లు చేస్తున్నాడు. పినియను అంటే మోటారు ఇరుసుకి తగిలించే చిన్న పళ్ళచక్రం. శనగగింజకి అన్నయ్య, రేగిపండుకి తమ్ముడు. చూడ్డానికి అంతే, కాని నిమిషానికి ముప్పైవేల చుట్లు తిరుగుతుంది. దాని పన్ను వెంట్రుక వాసి లావైతే పక్కనున్న పెద్ద చక్రాన్ని కొరికేస్తుంది, సన్నమైతే తనే ఊడిపోతుంది. భద్రాచారి గట్టి ఉక్కు కోసి, కాల్చి, నూనెలో ముంచి, సాన పట్టి ఇస్తే ఆయన భార్య మాణిక్యం మైక్రోమీటరుతో కొలిచేది. మిల్లీమీటరులో నూరో వంతు తేడా వచ్చినా పక్కన పడేసేది. పడేసినవాటిని మొగుడు బతిమాలినా వెనక్కి ఇచ్చేది కాదు. మొగుడి మాట కన్నా మైక్రోమీటరు మాట మీద ఆమెకి గురి ఎక్కువ.

వాళ్ళ పనితనానికి పెద్ద సాక్షి బొండా అప్పలస్వామి. తుని ఆయనది. రైలింజను డ్రైవరుగా రిటైరయ్యాడు. "ముప్పైనాలుగేళ్ళు బండి తోలానుగాని స్టీరింగు అన్నది ఎరగనోయ్ ఆచారీ! పట్టాలెటెళ్తే నేనటు. ఇప్పుడు నా ఇష్టం, ఎటు తిప్పితే అటు!" అనేవాడు. ఆయన కారులో భద్రాచారి పినియను రెండో ఏడు నడుస్తోంది.

ఇంతలో పిడుగులాంటి కాగితం వచ్చింది. అక్టోబరు నెలాఖరులోగా మన్నిక ధ్రువపత్రం సంపాదించని పినియన్ల షెడ్లకి తాళం వేస్తారట. మూతపడ్డ మిల్లు వేలంపాటలో భద్రాచారి నాన్న కొన్న, చక్రాలకి పళ్ళు కోసే మిషను ఆ షెడ్డులోనే ఉంది. దాన్ని గచ్చులో దించి, నీళ్ళమట్టం పెట్టి, ఊగకుండా కుదర్చడానికి ముసలాయనకి ఏడాది పట్టింది. కదిపితే అది మళ్ళీ నూరో వంతు పని చెయ్యదు. షెడ్డు పోతే మిషను పోయినట్టే, మిషను పోతే భద్రాచారికి చేతులుండీ లేనట్టే.

"మనకేం భయమండీ? మన సరుకు మంచిది. పెట్టి రండి," అంది మాణిక్యం. మే నెలలో ఒక పినియను దూదిలో చుట్టుకుని ఆయన ఆఫీసుకెళ్ళాడు.

విభాగం డైరెక్టరు ముక్తేశ్వరం గారు పరీక్షాయంత్రం పక్కనే కుర్చీ వేయించుకుని ఉన్నారు. కారుని నడుముకి బెల్టు కట్టి రెండు రోలర్ల మీద నిలబెడతారు, రోలర్లకి బరువు కోసం బ్రేకు బిగిస్తారు. ఇక కారు ఉన్నచోటే శక్తికొద్దీ పరిగెడుతుంది, ఎక్కడికీ వెళ్ళదు. ఆఫీసులో అందరికీ ఆ యంత్రమంటే వల్లమాలిన అభిమానం.

ముందు పక్క వీధి శ్రీహరి వంతు వచ్చింది. అల్యూమినియం గిన్నెలు కరిగించి అచ్చులో పోసినవి అతని పినియన్లు. పెట్టారు, మీట నొక్కారు. పదకొండో నిమిషంలో ఠప్పున పళ్ళన్నీ రాలిపోయాయి. భద్రాచారికి శ్రీహరి మీద జాలేసింది. ముక్తేశ్వరం గారు మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

"స్పష్టమైన ఫలితం! నిర్ద్వంద్వమైన ఫలితం! మన్నిక, పదకొండు నిమిషాలు. రాసుకోండి."

శ్రీహరికి అక్కడికక్కడే ధ్రువపత్రం ఇచ్చారు. వీళ్ళ లెక్కేదో వీళ్ళకుంటుందిలే, పదకొండు నిమిషాలకే ఇస్తే మనకి పూలమాల కూడా వేస్తారు గామోసు అనుకున్నాడు భద్రాచారి.

ఆయన పినియను పెట్టారు. సాయంత్రం దాకా తిరిగింది. మర్నాడు వెళ్ళి చూస్తే ఇంకా తిరుగుతోంది. నాలుగో రోజున ముక్తేశ్వరం గారు పిలిపించారు.

"ఇరగలేదాండి?" అన్నాడు భద్రాచారి, పైకి కనపడనివ్వకూడదనుకుంటూనే మురిసిపోతూ.

"ఆచారి గారూ, ఇది హర్షించదగిన పరిణామం కాదు."

"అదేంటండి! గట్టిగా ఉందనే గదండి?"

"గట్టిదనం మా పరిధిలోకి రాదు. మాది మన్నిక." డైరెక్టరు గారు పుస్తకం తెరిచి వేలు పెట్టి చదివారు. "'మన్నిక అనగా, వస్తువును పరీక్షాయంత్రమున ఉంచిన క్షణము మొదలుకొని అది విరిగిన క్షణము వరకు గల వ్యవధి.' విన్నారుగా? విరిగిన క్షణం ఉంటేనే వ్యవధి. వ్యవధి ఉంటేనే మన్నిక. మీ వస్తువు విరగలేదు. కాబట్టి ఈ రోజుకి దాని మన్నిక శూన్యం. మన్నికే లేని వస్తువుకి మన్నిక ధ్రువపత్రం ఎలా ఇమ్మంటారు? మీరే చెప్పండి."

ఆ మాటల్లో ఎక్కడో మెలిక ఉందని భద్రాచారికి తెలుస్తోంది, ఎక్కడుందో చేతికి దొరకడం లేదు. చెక్కలో పగులు దొరుకుతుంది, ఉక్కులో పగులు దొరుకుతుంది, ముక్తేశ్వరం గారి మాటలో దొరకదు.

"పోనీ అది తీసేసి ఇంకోటి పెట్టమంటారాండి?"

"ఒక నమూనా పరీక్షలో ఉండగా అదే తయారీదారు రెండో నమూనా సమర్పించరాదు. ఆరో నిబంధన."

"అయితే ఇది ఎనక్కి ఇచ్చెయ్యండి."

"పరీక్ష ముగిశాకే వెనక్కి. ఏడో నిబంధన. ముగియడమంటే విరగడం."

జూన్ గడిచింది, జులై గడిచింది. పినియను తిరుగుతూనే ఉంది. దాని చుట్టూ ఉన్నవి మాత్రం వరసగా పోతున్నాయి. మోటార్లు ఆరు కాలిపోయాయి, నలభై టైర్లు అరిగి చిరుగులయ్యాయి, రోలరు ఒకటి వంగిపోయింది. మోటారు కాలిన ప్రతిసారీ ఆఫీసులో ఆనందమే. కాలింది గనక దాని మన్నిక తేలిపోయింది, అది చేసినవాడికి పోస్టులో ధ్రువపత్రం వెళ్ళిపోయింది. ఊరూ పేరూ తెలియని మోటార్లవాళ్ళు ఆరుగురు భద్రాచారి పుణ్యమా అని ధ్రువపత్రాలు పుచ్చుకున్నారు. ఆయనకి మాత్రం లేదు.

యంత్రం దగ్గర కాపలా మనిషి ఏసుబాబు. యాభై దాటినవాడు. గంటకోసారి లేచి, కళ్ళజోడు సర్దుకుని చూసి, రిజిస్టరులో 'విరగలేదు' అని రాసేవాడు. ఒకసారి నిద్రమత్తులో రాయడం మరిచిపోతే సంజాయిషీ అడిగారు. ఆ గంటలో విరిగి మళ్ళీ అతుక్కోలేదని రుజువేమిటని.

ఆగస్టులో ముక్తేశ్వరం గారు పై వాళ్ళకి రాశారు. రాత్రింబవళ్ళు నడిచే ఇలాంటి పరీక్షకి తగిన సిబ్బంది లేరని. పై వాళ్ళు వెంటనే 'అవిచ్ఛిన్న పరీక్షల ప్రత్యేక విభాగం' మంజూరు చేశారు. ఒక సూపరింటెండెంటు, ముగ్గురు గుమాస్తాలు, మూడు షిఫ్టులకి తొమ్మిదిమంది కాపలాదార్లు, కరెంటు పోతే జనరేటరు, జనరేటరుకి ఒక ఆపరేటరు, గదికి ఏసీ. అందరికీ తలా ఒక కుర్చీ. వేరే జిల్లాల నుంచి అధికార్లు జీపుల్లో వచ్చి అద్దంలోంచి పినియనుని చూసి, టీలు తాగి వెళ్ళేవారు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం భద్రాచారి ఎప్పట్లా వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాడు. నలభై ఏళ్ళు మిషన్ల మధ్య బతికిన చెవి. చప్పుడు తేడాగా ఉంది. బరువు లాగుతున్న మోత కాదది. దగ్గరికెళ్ళి చూస్తే రోలరుకి బ్రేకు లేదు. పైనుంచి సన్నటి గొట్టంలోంచి చుక్క చుక్క నూనె పినియను మీద పడుతోంది.

"ఇదేంటి ఏసుబాబూ? బ్రేకు ఏది?"

ఏసుబాబు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "తీయించేశారండి. ఇరిగితే ఈ ఇభాగం ఎత్తేత్తారంటండి. పద్నాలుగు మందిమండి. నానా ఆపీసులూ తిరిగితే నాకు ఇరవైరెండేళ్ళకి పర్మనెంటు అయ్యిందండి, మీ పినియను సలవ వల్లే. మా ఇంటిది రోజూ పార్ధన జేత్తందండి, ఇది ఇరగకుండా."

"నా షెడ్డుకి తాళమేస్తారయ్యా ఇది విరక్కపోతే!"

"అయ్యో! అలాగాండి?" అన్నాడు ఏసుబాబు. నిజంగానే బాధపడ్డాడు. బాధపడుతూనే లేచి, కళ్ళజోడు సర్దుకుని, 'విరగలేదు' అని రాశాడు.

భద్రాచారి ఇంటికొచ్చి చతికిలపడ్డాడు. మాణిక్యం అంతా విన్నది.

"అంటే విరిగితేగాని కాగితం ఇవ్వరు. విరగనివ్వరు. అంతేనా?"

"ఆయ్. అంతే."

"ఏం మనుషులండీ బాబూ వీళ్ళు!" ఆమె మైక్రోమీటరు పెట్టెలో పెట్టి టక్కున మూసింది. "గట్టిగా చెయ్యడం మన తప్పా? వంకర చేసిన శ్రీహరి దర్జాగా తిరుగుతున్నాడు. వాడి సర్టిఫికెట్టు ఫ్రేము కట్టించి, దండేసి మరీ పెట్టుకున్నాడు కొట్లో. ఒళ్ళు మండిపోతోంది నాకు."

భద్రాచారికి ఒళ్ళు మండలేదు, భయమేసింది. నాన్న కుదిర్చిన మిషను వంక చూస్తే ఏడుపొచ్చినంత పనైంది.

దసరా వచ్చింది. ప్రత్యేక విభాగం ఆ ఏడు ఆయుధపూజ ఘనంగా తలపెట్టింది. పూజకి ఆయుధం కావాలి, వాళ్ళకున్న ఆయుధం ఒక్కటే. 'తయారీదారు దంపతులు విచ్చేసి ఆశీర్వదించవలెను' అని కార్డు కూడా వేశారు. మాణిక్యం పట్టుచీర కట్టుకుంది. వెళ్ళేముందు షెడ్డులోకెళ్ళి చాలాసేపు ఏదో వెతికింది. "ఏంటే, ఆలస్యమైపోతోంది," అంటే, "పసుపు కలుపుతున్నానండీ, అక్షింతలకి," అంది.

యంత్రానికి మామిడితోరణం కట్టారు, కారుకి కుంకుమబొట్టు పెట్టారు. పరీక్ష ఆపకూడదు గనక అది తిరుగుతూనే ఉంది. పంతులుగారు మంత్రాలు చదివారు. ముక్తేశ్వరం గారు 'ఈ చక్రం నిరంతరాయ కృషికి ప్రతీక' అని పది నిమిషాలు మాట్లాడారు. తరవాత అందరూ వరసగా వచ్చి కారు మీద అక్షింతలు చల్లారు. డైరెక్టరు, సూపరింటెండెంటు, గుమాస్తాలు, ఏసుబాబు. బియ్యపుగింజలు పళ్ళ మధ్య పడి పిండి అయిపోతున్నాయి. చివర్న మాణిక్యం వచ్చింది. కొంగు కప్పుకుని, కళ్ళు మూసుకుని, పిడికెడు అక్షింతలు సరిగ్గా పినియను మీద వేసింది.

ఠక్ మంది.

కారు చక్రాలు ఆగిపోయాయి. మోటారు ఒక్కటే కీచుమని అరుస్తోంది. భద్రాచారి వంగి చూశాడు. పినియనుకి మూడు పళ్ళు లేవు. ఆ పళ్ళ పక్కన, పసుపు రాసిన బియ్యపుగింజంత ముక్క ఒకటి, బియ్యం కన్నా కాస్త ఎక్కువ మెరుస్తోంది. విరిగిపోయిన పాత కట్టరు ముక్క. ఉక్కుని కోసే ఉక్కు. ఆయన దాన్ని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. ఆమె హారతి కళ్ళకద్దుకుంటోంది. షెడ్డు దక్కిందన్న సంతోషం ఒకపక్క ఉన్నా, తన చేతిపని మూడు పళ్ళూడి పడి ఉండటం చూస్తే ప్రాణం చివుక్కుమంది.

ఏసుబాబు ఏడుస్తూనే 'విరిగినది' అని రాశాడు. విచారణ సంఘం వేశారు. పద్నాలుగు మందీ అక్షింతలు వేసినవారే, పైగా డైరెక్టరు గారూ వేశారు. అందుచేత సంఘం ఒక్కపూటలో, 'ఆశీర్వచన సమయమున సంభవించిన సహజ వైఫల్యము' అని తేల్చేసింది. పోస్టులు పోతాయన్న భయం కూడా వట్టిదేనని తేలింది. ఆ విభాగానికే 'విరిగిన చక్రాల అధ్యయన విభాగం' అని కొత్త బోర్డు రాయించారు. ఏసుబాబు ఇప్పుడు గంటకోసారి 'విరిగే ఉంది' అని రాస్తున్నాడు.

మర్నాటికి మర్నాడు భద్రాచారి తెల్లచొక్కా వేసుకుని ధ్రువపత్రం తెచ్చుకోవడానికి వెళ్ళాడు.

"నూట యాభైఎనిమిది రోజుల మూడు గంటల ఇరవై నిమిషాలు," అన్నారు ముక్తేశ్వరం గారు విచారంగా. "ఇది కుదరదండి, ఆచారి గారూ."

"మళ్ళీ ఏమైందండి! ఇరిగింది గదండీ!"

"విరిగింది. ఎప్పుడు విరిగిందన్నదే సమస్య. మేము ఇంతవరకు ఆమోదించిన అరవైనాలుగు పినియన్ల సగటు మన్నిక పదకొండు నిమిషాలు. మీకు తెలియందేముంది, ఏ కొలతకైనా పై హద్దు, కింది హద్దు ఉంటాయి. పదకొండు నిమిషాలకి అటు రెండు, ఇటు రెండు. తొమ్మిది నుంచి పదమూడు. మీది పై హద్దు దాటిపోయింది. మన్నిక తక్కువైనా దోషమే, ఎక్కువైనా దోషమే. పళ్ళు కోసేటప్పుడు మీరూ అంతేగా?"

భద్రాచారికి అన్నం పెట్టిన లెక్కనే తీసుకొచ్చి ఆయన నెత్తిన కొట్టారు.

"మీదొక్కటి కలిపితే మొత్తం సగటే చెడిపోతుంది. ఇంకా పదిరోజులుంది. రెండో నమూనా తెండి. నేను మీ శ్రేయోభిలాషిని."

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. పొద్దున్నే భద్రాచారి మిషను ముందు నిలబడ్డాడు. వంకర పని చెయ్యడం ఎంత కష్టమో ఆయనకి ఏభైఎనిమిదో ఏట తెలిసింది. కావాలని లోతుగా కోద్దామంటే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తోంది. మూడోసారికి కళ్ళు మూసుకుని కోశాడు. కాల్చలేదు, నూనెలో ముంచలేదు. ప్రతి పన్ను మొదట్లో ఆకురాయితో గాటు పెట్టాడు. కొలవమని ఇస్తే మాణిక్యం అందుకోలేదు. "దానికి కొలతెందుకండీ?" అని లోపలికెళ్ళిపోయింది.

అది పన్నెండో నిమిషంలో విరిగింది. అప్పుడు చూడాలి ఆఫీసు సంబరం! ధ్రువపత్రం ఇచ్చారు, శాలువా కప్పారు, ఫోటో తీశారు. ముక్తేశ్వరం గారైతే, 'కఠోర పరిశ్రమతో తన లోపాన్ని సవరించుకున్న నిపుణుడు' అని పొగిడారు. షెడ్డు దక్కింది. అయితే ఒక షరతు. ఇకమీదట చేసే ప్రతి పినియను ఆమోదించిన నమూనాలాగే ఉండాలి. అంతకన్నా బాగా చేస్తే ధ్రువపత్రం రద్దు.

చేశాడు. ఏం చేస్తాడు మరి! వందా నూటయాభై చేసి పొట్లాలు కట్టి మండలికిచ్చాడు. పొట్లం మీద పేరు వెయ్యాలన్నారు, వేశాడు. ట్రాకుల మీద ధ్రువీకరించిన పినియన్లే వాడాలన్నారు గనక జిల్లాల్లో అందరూ అవే కొన్నారు.

డిసెంబరులో ఆఫీసునుంచి కబురొచ్చింది. వెళ్తే ముక్తేశ్వరం గారి ఎదురుగా అప్పలస్వామి కూర్చుని ఉన్నాడు, మొహం జేవురించుకుని.

"రావోయ్ ఆచారీ! నీకు తెలిస్తే నెత్తురు మరిగిపోద్ది. కాకినాడ పందెంలో మూడో చుట్టులో ముందున్నాను, ఠప్పుమని ఊడింది. ఇప్పి చూద్దును గదా, పళ్ళా అవి! పొట్లం మీద చూస్తే నీ పేరు! ఎవడో దొంగనాయాలు నీ పేరు కొట్టి అమ్ముకుంటన్నాడు. అలా వదిలేత్తానా? నకిలీ సరుకని కంప్లైంటు పెట్టేశాను. నీ పని నేనెరగనా?"

"విభాగం ఈ ఫిర్యాదుని అత్యంత తీవ్రంగా పరిగణించింది," అన్నారు ముక్తేశ్వరం గారు. "అదే పొట్లంలోని రెండో పినియనుని పరీక్షించాం. పదకొండు నిమిషాల నలభై సెకన్లలో విరిగింది. పన్ను మొదట్లో గాటు, పచ్చి ఉక్కు, లోతు కోత. ఆమోదిత నమూనాతో అక్షరాలా సరిపోయింది. కాబట్టి ఇది నకిలీ కాదు, సాక్షాత్తు భద్రాచారి గారి చేతిపనే. ఆచారి గారూ, 'ఈ వస్తువు నాదే' అని ఇక్కడ సంతకం చేస్తే ఫిర్యాదు కొట్టేస్తాం."

"ఆయనెందుకు చేత్తాడండీ సంతకం!" అన్నాడు అప్పలస్వామి. "నీది కాదని చెప్పవోయ్ ఆచారీ!"

"తనది కాదంటే ధ్రువపత్రం రద్దవుతుంది. షెడ్డుకి తాళం పడుతుంది," అన్నారు డైరెక్టరు గారు మెత్తగా.

భద్రాచారి పెన్ను పట్టుకున్నాడు. టేబులు మీద పళ్ళూడిన పినియను ఉంది. ఎదురుగా అప్పలస్వామి ధీమాగా చూస్తున్నాడు. ఆ ధీమా చూస్తే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. వాళ్ళ నాన్న, మిషను, గచ్చు, అన్నీ కళ్ళముందు తిరిగాయి. పెన్ను కింద పెట్టేశాడు.

"చేసింది నేనే, డ్రైవరు గారూ. ఈ చేతుల్తోనే చేశాను. మీరు నన్ను క్షమించాలి." తరవాత ముక్తేశ్వరం గారి వైపు తిరిగాడు. "కాని ఇది నాది కాదండి. నిమిషాలు మీవి, హద్దులు మీవి. నా పని నూటయాభైఎనిమిది రోజులు మీ ఏసీ గదిలో తిరిగింది. అది నాదండి. దీని మీద నేను సంతకం పెట్టను."

అప్పలస్వామి కుర్చీలోంచి లేచాడు. "పద ఆచారీ," అన్నాడు. "టీ తాగుదాం."

మర్నాడు పదిగంటలకి ముక్తేశ్వరం గారే స్వయంగా వచ్చారు, వెనక సూపరింటెండెంటు, ఏసుబాబు, ఒక గొలుసు, అరచేతంత తాళం. మాణిక్యం గుమ్మం పక్కన నిలబడింది. భద్రాచారి లోపలికెళ్ళి మిషను మీద గుడ్డ కప్పి, ఒకసారి దాని మీద చెయ్యి వేసి వచ్చాడు. షట్టరు దించారు. ఏసుబాబు తలెత్తకుండా తాళం బిగించాడు.

"తాళం గట్టిదేనాండి?" అంది మాణిక్యం.

"అమ్మా, మండలి ధ్రువీకరించని వస్తువు మండలి వాడదు. కిందటి నెల నుంచి తాళాలు, గొళ్ళేలు కూడా మా విభాగం కిందికే వచ్చాయి. కావాలంటే చూసుకోండి, చీటీ ఉంది." ముక్తేశ్వరం గారు జీపెక్కారు.

మాణిక్యం వంగి చీటీ చదివింది. భద్రాచారి సైకిలు తీస్తుంటే హ్యాండిలు పట్టుకుని ఆపింది.

"ఎక్కడికీ వెళ్ళకండి. ఇలా కూర్చోండి కాసేపు."

మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. పక్క షెడ్డువాళ్ళు పలకరించి పోయారు. పన్నెండో నిమిషం నిండకుండానే వెనకాల ఠప్పుమని తాళం ఊడి గచ్చు మీద పడింది.

భద్రాచారి నిజాయితీపరుడు. ఊడిన తాళం పట్టుకెళ్ళి ఆఫీసులో అప్పజెప్పాడు. ముక్తేశ్వరం గారు పరిశీలించి తృప్తిగా తల ఊపారు. "పదకొండు నిమిషాలు పైన. హద్దుల్లోనే ఉంది. తాళంలో ఏ లోపమూ లేదు. రేపు కొత్తది వేయిస్తాం."

అప్పటినుంచి రోజూ పదింటికి ఏసుబాబు వచ్చి షట్టరు దించి తాళం వేస్తాడు. 'మూసివేయబడినది' అని రిజిస్టరులో రాసుకుని, భద్రాచారి ఇచ్చిన టీ తాగి వెళ్తాడు. క్షేమసమాచారాలు అడిగి మరీ వెళ్తాడు. ఆ తరవాత పని మొదలవుతుంది. ధ్రువపత్రం లేదు గనక బాగా చెయ్యకూడదన్న షరతూ లేదు. మాణిక్యం మళ్ళీ మైక్రోమీటరు తీసింది. ట్రాకుల మీద ఆ పినియన్లు నిషిద్ధమే, అయితే కారు మూత బిగించాక లోపల ఏముందో ఎవడు చూడొచ్చాడు?

మొన్న అప్పలస్వామి తుని నుంచి బస్సు దిగి, ఆఫీసు గోడ మీద అంటించిన మూసిన షెడ్ల జాబితా చదువుకుని, ఆయాసపడుతూ వచ్చాడు. భద్రాచారి నూనె చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"షెడ్డు మూసేశారంట గదా ఆచారీ?"

"ఆయ్, మూసేశారండి. లోపలికి రండి, మీ పినియను సిద్ధంగా ఉంది."